కుట్టినవాళ్ళే వేలాడాలి

డాబా తాళంచెవి పొద్దున్నుంచీ అమ్మ గుప్పిట్లోనే ఉంది. ఒంటిచేత్తోనే గిన్నెలు కడిగింది, ఒంటిచేత్తోనే పొయ్యి తుడిచింది, ఇప్పుడు తుడిచిన పొయ్యినే మళ్ళీ తుడుస్తోంది. ఎడమచేతి గుప్పిట మాత్రం విప్పలేదు.

“ఇటివ్వమ్మా. కింద జనం వచ్చేశారు,” అంది కూతురు చెయ్యి చాపి.

“వచ్చింది మీ నాన్నని తలుచుకోడానికి. నువ్వు గాల్లో వేలాడుతుంటే చూడ్డానికి కాదు.”

“రంగుల మేస్త్రీ కూడా వచ్చాడు.”

“రానీ. కుర్చీలున్నాయి, కూర్చోమను.”

“కూర్చోడానికి రాలేదమ్మా. రేపట్నుంచి అతని కుర్రాళ్ళు కొత్త భవనానికి రంగులెయ్యాలి. ఆ అయిదు బెల్టులూ కావాలిట. ఎవరైనా వేలాడి చూపించకుండా తీసుకోట్ట. నాన్న చేసిన అలవాటే కదా!”

అమ్మ పొయ్యి మీద లేని మరకని గోటితో గీకుతోంది.

ఆ బెల్టులు కింద కొట్లో మేకులకి తగిలించి ఉన్నాయి. ఎత్తయిన గోడలకి రంగులేసేవాళ్ళు భుజాలకీ నడుముకీ తొడలకీ బిగించుకుని, తాడుకి వేలాడుతూ పనిచేసుకునే బెల్టులవి. సైన్యంలో ఉన్నన్నాళ్ళూ నాన్న పని పారాచూట్లు మడవడం, వాటి పట్టీలు కుట్టడం. రిటైరై వచ్చాక ఈ కొట్టు పెట్టాడు. మడిచినవాడు తను మడిచిన పారాచూట్‌తో ఎప్పుడంటే అప్పుడు దూకడానికి సిద్ధంగా ఉండాలన్నది అక్కడి కట్టుబాటు. దాన్నే కొట్టుకీ తెచ్చాడు. కుట్టినవాళ్ళే ముందు వేలాడాలి. ఆదివారం వచ్చిందంటే డాబా అంచున ఉన్న ఇనుప దూలానికి తాడు కట్టుకుని, ఆ వారం తయారైన ప్రతి బెల్టూ తనే తొడుక్కుని వీధి మీదికి వేలాడేవాడు. ఈ అయిదింటికి మాత్రం ఆ ఆదివారం రాలేదు. ముందురోజు పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు.

తమ్ముడు గుమ్మంలోకి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు. “కింద మైకు నేను పెట్టించాను. మీ ఇద్దరికీ అదేం అవసరం లేదనుకుంటా. అంతా వినబడుతోంది.”

“వినబడనీ. తాళం ఇమ్మని నువ్వు కూడా చెప్పు,” అంది అక్క.

“నేనెందుకు చెప్తాను? అమ్మ చేస్తోందే రైటు. నాన్నతోనే ఆ కొట్టూ అయిపోయింది. ఈ సంతాప సభ అవ్వగానే తాళం వేసేద్దాం. అమ్మ నాతో వస్తుంది. నీకేం, ఎక్కడైనా ఉద్యోగం దొరుకుతుంది.”

“నాన్న పోయాడు. కొట్టు పోలేదురా.”

“పట్టీలు కొలిచి కత్తిరించడం నీకొచ్చు. బేరాలు మాట్లాడ్డం వచ్చు. కుట్టడం వచ్చా? ఆయన నీకు ఎప్పుడైనా నేర్పాడా?”

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. నిజమే, నేర్పలేదు. ఎన్నిసార్లు అడిగినా ‘చూద్దాంలే’ అని వెనక గదిలోకి వెళ్ళి తలుపేసుకునేవాడు.

“నేర్చుకుంటాను. ముందు ఈ అయిదూ చేతులు మారాలి. ఇవాళ మేస్త్రీ ఒట్టిచేతుల్తో వెళ్ళిపోతే రేపు మన గుమ్మం ఎవడూ తొక్కడు. నాన్న కుట్టినవి, నాన్న లేడు. ఆయన బదులు నేను వేలాడతాను. అందులో తప్పేముంది?”

“ఏదైనా తెగితే?”

“నాన్న కుట్టు తెగుతుందా! ఆ మాట అనడానికి నీకు నోరెలా వచ్చిందిరా?”

అమ్మ చేతిలోంచి గుడ్డ జారి కింద పడింది. ఆవిడ వంగి తియ్యలేదు.

“నువ్వు వేలాడ్డానికి వీల్లేదు,” అంది. గొంతు చాలా మెల్లగా ఉంది. “నన్నింకేం అడక్కు. నీకు దణ్ణం పెడతాను.”

అమ్మ కూతురికి దణ్ణం పెడతానడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. కూతురికి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. రెంటినీ మింగేసి విసవిసా మెట్లు దిగిపోయింది.

కొట్టు ముందు వీధి సగం దాకా కుర్చీలు వేశారు. పట్టీలు కత్తిరించే పెద్ద బల్లని బయటికి లాగి దాని మీద నాన్న ఫొటో పెట్టారు. ఫొటోలో కూడా ఏదో సరిచూస్తున్నట్టే కళ్ళు చికిలించి ఉన్నాడు. వీధి పిల్లలు ఆయన్ని ‘గొడుగు తాతయ్య’ అనేవాళ్ళు. పారాచూట్ అంటే వాళ్ళ లెక్కలో పెద్ద గొడుగే.

మైకు ముందు ఎదురింటి పిన్ని నిలబడి ఉంది.

“నేనుండేది రెండో అంతస్తు. వంటింటి కిటికీలోంచి ఒక మగమనిషి గాల్లో తేలుతూ ‘చెల్లెమ్మా, పాలు పొంగుతున్నాయ్’ అంటే ఎలా ఉంటుందో మీరే చెప్పండి! మొదటిసారి నేను పెట్టిన కేకకి మావారు స్నానాలగదిలోంచి సబ్బు నురగతోనే పరిగెత్తుకొచ్చారు.”

అందరూ నవ్వారు. పిన్ని కూడా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“మొన్నాదివారం మళ్ళీ పొంగిపోయాయి. ఎవరూ చెప్పలేదు,” అని గబగబా వచ్చి కూర్చుంది.

 తర్వాత గుండు బాబాయ్ లేచాడు. సైన్యంలో నాన్న పక్క బల్ల ఆయనదే. తల మీద ఒక్క వెంట్రుక లేదు గానీ గొంతు మాత్రం ఇప్పటికీ మైదానం ఈ చివర్నుంచి ఆ చివరికి వినిపిస్తుంది. మైకుని పక్కకి నెట్టేశాడు.

“ఒకసారి మా ఇద్దరికీ పేకాట దగ్గర తగువొచ్చింది. అన్నయ్య నాతో మాటలు మానేశాడు. తెల్లారితే నేను దూకాలి. చూస్తే, నాకిచ్చిన పారాచూట్ అన్నయ్య మడిచిందే! పక్కనున్నవాళ్ళు ‘అయిపోయావురా గుండూ’ అన్నారు. నాకు రవ్వంత భయం వెయ్యలేదు. ఎందుకంటే, కోపంగా ఉన్నప్పుడు అన్నయ్య ఇంకా జాగ్రత్తగా మడుస్తాడు. ఆ రోజు నేను పువ్వులా దిగాను. దిగాక వెళ్ళి కాళ్ళ మీద పడ్డాను. ‘పేక ముక్క దాచింది నేనే’ అని ఒప్పేసుకున్నాను. ‘తెలుసు, లే’ అన్నాడు.”

చెప్పడం అయిపోయాక కూడా ఆయన కూర్చోలేదు. ఫొటో వైపు తిరిగి నిటారుగా నిలబడ్డాడు. పెదవులు వణుకుతుంటే గట్టిగా బిగించుకున్నాడు.

ఇదే సమయమనుకుంది కూతురు. కొట్లోకి వెళ్ళి అయిదు బెల్టులూ తెచ్చి ఫొటో పక్కన పరిచింది.

“మేస్త్రీ గారూ, నాన్న చివరగా కుట్టినవి ఇవే. వీటితో నేను వేలాడతాను. అందరూ ఇక్కడే ఉన్నారు, చూడండి. తాళం తియ్యకపోతే పిన్ని వాళ్ళ డాబా మీంచైనా వేలాడతాను.”

మేస్త్రీ చేతిలోని టోపీ నలుపుకుంటున్నాడు. గోళ్ళ సందుల్లో ఎండిపోయిన సున్నం. మంచి మనిషే, ఇబ్బందిలో ఉన్నాడు.

“కోపం తెచ్చుకోకండి అమ్మాయిగారూ. పనిలోకి దిగేముందు నా కుర్రాళ్ళ ఇళ్ళల్లో నేను చెప్పేది ఒక్కటే మాట. ‘పెద్దాయన వేలాడాడు, ఇంక మీకు బెంగలేదు’ అని. ఇప్పుడు మీరు వేలాడితే మీరు వేలాడారని చెప్తాను. అది చాలు. కానీ ఇంట్లో పెద్దావిడ ఇష్టం లేకుండా వద్దు.”

“ఇసుక బస్తా వేలాడదీస్తే సరిపోదా?” అన్నాడు తమ్ముడు, వెనకే దిగివచ్చి. “బరువు బరువేగా!”

“బస్తా మేమూ వేలాడదీసేవాళ్ళం నాయనా,” అన్నాడు గుండు బాబాయ్. “ముందు బస్తా, తర్వాత మనిషి. బస్తా ఏ భయం లేకుండా వేలాడుతుంది. కింద పడ్డా దాని తల్లికి ఎవరూ కబురు చెయ్యక్కర్లేదు. అందుకే కుట్టేవాడు బస్తాకి భయపడడు. తను వేలాడాలంటే మాత్రం ప్రతి కుట్టూ రెండుసార్లు చూసుకుంటాడు. ఏదీ, ఇలా తే. నా కళ్ళతో ఓసారి చూడనీ.”

ఒక బెల్టు తీసుకుని పట్టీలు కలిసే చోట బొటనవేలితో తడిమాడు. అక్కడ చదరంగా ఒక కుట్టు, ఆ చదరం లోపల మూల నుంచి మూలకి రెండు అడ్డగీతలు. బరువంతా మోసేది ఆ కుట్టే. బాబాయ్ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. రెండో బెల్టు తీశాడు. మూడోది తీశాడు. అయిదూ చూశాడు.

“కుట్టు గట్టిదే. వంక పెట్టడానికి లేదు,” అన్నాడు చివరికి. “కానీ అన్నయ్య చెయ్యి కాదు.”

“అదేంటి బాబాయ్!”

“అన్నయ్య ముందు చదరం కుట్టి, తర్వాత లోపలి గీతలు వేసేవాడు. జీవితమంతా అంతే. ఇవి ముందు గీతలు వేసి, తర్వాత చదరం మూసినవి. పక్క బల్ల మీద అన్నేళ్ళు కూర్చున్నానమ్మా. అన్నయ్య కుట్టు నాకు తెలీదా?”

కుర్చీల్లో గుసగుసలు మొదలయ్యాయి. కూతురికి చెవులు వేడెక్కిపోయాయి. ఇప్పుడే కదా అందరి ముందూ నాన్న కుట్టు అని గొప్పగా చెప్పింది!

“ఇంకెవరు కుడతారు? కొట్లో ఉన్నది నేనూ నాన్నే. నేను కుట్టలేదు. బాబాయ్, మీరు పొరబడుతున్నారు.”

మేస్త్రీ మెల్లగా టోపీ పెట్టుకున్నాడు.

“పెద్దాయన కుట్టలేదంటే... మరి ఇన్నాళ్ళూ నా వాళ్ళు తొడుక్కున్నవి ఎవరివి? అమ్మాయిగారూ, నేను మళ్ళీ వస్తానులెండి.”

మళ్ళీ వస్తానన్నవాడు మళ్ళీ రాడని ఆ కొట్లో పెరిగిన పిల్లకి తెలియనిది కాదు.  తమ్ముడు వచ్చి పక్కన నిలబడ్డాడు. గెలిచినట్టు మాత్రం లేడు, పాపం. అక్క ముఖం చూడలేక నేల చూస్తున్నాడు.

“ఆగు నాయనా,” అని వినిపించింది.

కొట్టు వెనక మెట్ల మీద అమ్మ. చివరి మెట్టు దిగకుండా గోడ పట్టుకుని నిలబడి ఉంది.

“అవి నావి. నేను కుట్టాను.”

గుండు బాబాయ్ చేతిలో బెల్టు అలాగే ఉండిపోయింది. “నువ్వా వదినా?”

“ఈ అయిదే కాదు. రెండేళ్ళుగా బయటికి వెళ్ళినవన్నీ నావే. ఆయన చేతులు వణకడం మొదలైంది. సూది కన్ను దొరికేది కాదు. మిషను కింద పట్టీ తిన్నగా పోయేది కాదు. ఎవరికీ చెప్పొద్దన్నారు. వెనక గదిలో తలుపేసుకుని ఆయన పక్కన కూర్చుని చెప్తుంటే నేను కుట్టేదాన్ని. వంకరగా వస్తే మొత్తం విప్పించేవారు. గీతలు ముందు వేసుకుంటేనే నాకు తిన్నగా వచ్చేది, సరే అలాగే కానీమన్నారు. మొగుడని కూడా చూడకుండా ఎంత తిట్టుకున్నానో!”

వీధిలో ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. పిన్ని అయి ఉంటుంది. ఆ తలుపు వెనక ముసలి జంట సరసాలాడుకుంటున్నారని ఊరంతా చెప్పింది ఆవిడే.

“నాకెందుకు చెప్పలేదమ్మా?” అంది కూతురు. అంత చిన్నగొంతుతో ఆ పిల్ల మాట్లాడి చాలాకాలమైంది.

“ఏం చెప్పను? సిగ్గుపడేవారు. చెయ్యి వణుకుతోందని తెలిస్తే నువ్వు కొట్టు మానిపిస్తావని భయం.” అమ్మ కళ్ళు ఫొటో మీద నిలిచాయి. “మొదటి బెల్టు అయిన రోజు నేనే అన్నాను, కుట్టింది నేను కదా, నేనే వేలాడాలి కదా అని. స్టూలెక్కితే కళ్ళు తిరుగుతాయి నీకు, నువ్వేం వేలాడతావ్ అని నవ్వారు. ‘నా బదులు నువ్వు కుట్టు. నీ బదులు నేను వేలాడతాను’ అన్నారు.”

కూతురికి ఒక్కొక్కటే అర్థమవుతోంది. ఆదివారాలు వీధంతా తలలెత్తి చూస్తుంటే అమ్మ మాత్రం వంటింట్లోంచి బయటికి వచ్చేది కాదు. నాన్న కోతిచేష్టలు ఆవిడకి నచ్చవేమో అనుకునేవాళ్ళు. ఆయన దిగి వచ్చేదాకా ఆ వంటింట్లో ఆ మనిషి ఎలా ఊపిరి పీల్చిందో ఎవరూ అడగలేదు. ఇందాక ఆ గుడ్డ చేతిలోంచి ఎందుకు జారిందో ఇప్పుడు తెలిసింది.

అమ్మ చివరి మెట్టు దిగింది. గుప్పిట విప్పింది. అరచేతిలో తాళంచెవి అచ్చు ఎర్రగా పడి ఉంది.

“పదండి డాబా మీదికి. మరిదిగారూ, తాళ్ళు ఎలా కట్టాలో మీకే తెలియాలి,” అంది.

ముందు ఇసుక బస్తాకి బెల్టు బిగించి వేలాడదీశారు. అది బుద్ధిగా వేలాడి వచ్చింది. తర్వాత గుండు బాబాయ్ అదే బెల్టు అమ్మకి చీర మీదుగా తొడిగి, భుజాల దగ్గర, నడుం దగ్గర, తొడల దగ్గర లాగి లాగి చూశాడు. అసలు తాడు దూలానికి కట్టాడు. జాగ్రత్తకి రెండో తాడు కూడా కట్టి, దాన్ని ఎవరు పట్టుకుంటారని చుట్టూ చూశాడు.

తమ్ముడు ముందుకొచ్చాడు. ముఖం పాలిపోయింది. అయినా తాడు తీసుకుని నడుముకి చుట్టుకుని, కాలు పిట్టగోడకి తన్నిపెట్టాడు.

“వద్దని నూరుసార్లు చెప్పాను. వింటే కదా! సరే, నేను వదల్నమ్మా. నువ్వు మాత్రం కిందికి చూడకు.”

“చూడకుండా ఎలా ఉంటానురా,” అంది అమ్మ.  కూతురు చెయ్యందించి పిట్టగోడ ఎక్కించింది. ఎదురు డాబా మీద, కింద కుర్చీల మధ్య, కిటికీల్లో, ఎక్కడ చూసినా ముఖాలే.

వెంట డాబా ఎక్కిన మేస్త్రీ తట్టుకోలేకపోయాడు. టోపీ తీసేశాడు.

“అమ్మగారూ, చాలు. దిగండి. మీరు అంతదాకా వచ్చారు, అదే చాలు నాకు. అయిదూ పట్టుకెళ్తాను. రేపే పనిలోకి దింపుతాను.”

కూతురు గుండె ఒక్కసారి తేలికపడింది. కావలసింది ఇదే కదా! కొట్టు నిలబడింది. “దిగమ్మా,” అంది ఆశగా.

అమ్మ కళ్ళు మూసుకుని ఉంది. తల అడ్డంగా ఊపింది.

“నువ్వు పట్టుకెళ్తావు సరే నాయనా. రేపు నీ పిల్లలు పైన వేలాడుతుంటే నేను మళ్ళీ వంటింట్లో తలుపేసుకుని కూర్చోవాలా? రెండేళ్ళు కూర్చున్నాను. ఇంక కూర్చోను.”

అని, కూతురి చెయ్యి వదిలేసి, అంచు మీంచి కాళ్ళు తీసేసింది.

దూలం కిర్రుమంది. తాడు బిగిసింది. కూతురు గొంతులోంచి వచ్చిన కేక సగంలో ఆగిపోయింది. అమ్మ ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగి, నిలిచింది. చెప్పు ఒకటి జారి కింద కుర్చీలో పడింది.



అమ్మ ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోది. మెల్లగా తల తిప్పి చూసింది. ఇళ్ళ కప్పులు, ఆరేసిన బట్టలు, మలుపు తిరుగుతున్న బస్సు, దూరంగా రంగు కోసం చూస్తున్న ఆ కొత్త భవనం, పైకెత్తిన ముఖాలన్నీ.

“ఇన్ని కనిపిస్తాయా ఇక్కణ్ణుంచి!” అంది. కన్నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోడానికి చేతులు తాడు వదలవు. “ఒక్కరోజైనా చెప్పారా ఆ మహానుభావుడు! అన్నీ ఒక్కరే చూసుకుని పోయారు.”

ఎదురు కిటికీలోంచి పిన్ని చప్పట్లు మొదలుపెట్టింది. ఎప్పుడు ఇంటికి పరిగెత్తిందో ఏమో! కింద అందరూ అందుకున్నారు. గుండు బాబాయ్ నిటారుగా నిలబడి వదినకి సెల్యూట్ చేశాడు. ఈసారి కన్నీళ్ళు ఆపుకోవాలని చూడలేదు.

తమ్ముడూ బాబాయీ కలిసి అమ్మని పైకి లాగారు. తమ్ముడు తాడు వదలడం మరిచిపోయి అలాగే అమ్మని కరుచుకుని నిలబడ్డాడు. కొట్టుకి తాళం సంగతి అతని నోట మళ్ళీ రాలేదు.

“ఇంకో నాలుగున్నాయి,” అంది అమ్మ, రొప్పుతూనే. “నిలబడు మేస్త్రీ. అవీ చూపించాకే ఇస్తాను.”

“చిత్తం అమ్మగారూ,” అన్నాడు మేస్త్రీ. కాస్త తటపటాయించి మళ్ళీ అన్నాడు. “ఇంకో మాట. ఈ భవనం పక్కదాన్ని కూడా నేనే ఒప్పుకున్నాను. దానికి ఇంకో గుంపు కుర్రాళ్ళు కావాలి, వాళ్ళకీ బెల్టులు కావాలి. మీరే కుడతారా?”

“నేను కాదు. ఆయన నాకు నేర్పారు, నేను దీనికి నేర్పుతాను,” అంది అమ్మ, కూతురి వైపు తిరిగి. “ఇకనుంచి ఇదే కుడుతుంది. కుట్టింది కాబట్టి ఇదే వేలాడుతుంది.”

అందరి కళ్ళూ తన మీదికి తిరిగాయి. నాన్న కుట్టు మీద వేలాడతానని పొద్దున్నుంచీ గొంతు చించుకున్న మనిషి, పిట్టగోడ మీంచి కిందికి చూసింది. తన చేతులు చూసుకుంది. మళ్ళీ కిందికి చూసింది. పొద్దున లేని లోతు ఇప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియలేదు.

“ఏమే,” అంది అమ్మ, రెండో బెల్టు చేతుల్లోకి తీసుకుంటూ. “పలకవేం?”